చెదభంజని: మామయ్య పంపిన సామాన్ల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా పెద్ద మామయ్య కాకినాడలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఛందస్సు వదల్లేదు. పాలవాడికి రాసే చీటీలో కూడా గణాలు సరిచూసుకుంటారు. ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సంచులు దించారట. వాటిలో తాతగారి కాగితాలు, ఫొటోలు బయటపడ్డాయి. వాటిని భద్రం చేయడానికి కావలసినవి హైదరాబాదులో కొని తెమ్మని నాకు వాట్సాప్‌లో ఈ ఆటవెలది పంపారు.

పెట్టె, కవరు, జిగురు, పిన్నులు, టేపులు,
పురుగుమందు కొంత పొందికగను,
తాతగారి పాత దస్త్రముల్, బొమ్మలు
దాచవలెను, తెమ్ము తడవు లేక.

పైకి ఇది సామాన్ల చీటీ. కానీ మొదటి రెండు పాదాల్లోని వస్తువులను బజారులో ఆ పేర్లతో ఏవి దొరికితే అవి తెచ్చి ఇచ్చామా, మూడో పాదంలో ఉన్నవాటికి నూకలు చెల్లినట్టే. దాచడానికి అడిగినవన్నీ పాడుచేసేవే. ఇలాంటి చోట లౌకికులైతే "మామయ్యకు తెలియక అడిగారు" అని తేల్చేస్తారు. వ్యాఖ్యాతకు ఆ వెసులుబాటు లేదు. కవి పొరబడడు, అర్థం చేసుకోలేకపోవడం చదివేవాడి లోపం. కాబట్టి ప్రతి పదానికీ శాస్త్రంతో పేచీ రాని అర్థం లాగి తీయడమే ఈ చెదభంజని పని.

గ్రంథాదిలో చెప్పవలసిన అనుబంధాలు నాలుగు. విషయం: పాత కాగితాల రక్షణ. ప్రయోజనం: మునిమనవలకు తాత మొహం తెలియడం. సంబంధం: కాగితానికీ దాన్ని తాకే వస్తువుకూ మధ్య ఉన్నది. అధికారి: ఏళ్ల తరబడి విప్పని సంచీ ఒకటైనా బీరువా మీద పెట్టుకున్న గృహస్థు, అంటే దాదాపు అందరూ.

ప్రతిపదార్థం

పెట్టె = ఆమ్లం లేని అట్టతో చేసిన పెట్టె; కవరు = పాలియెస్టర్ తొడుగు; జిగురు = గోధుమ గంజి; పిన్నులు = (దీన్ని విశేషాల్లో చూడుడు); టేపులు = నూలు నాడాలు; పురుగుమందు కొంత = చీడ చేరకుండా కొద్దిపాటి ఉపాయం; పొందికగను = పొందికగా; తాతగారి = మాతామహుని; పాత దస్త్రముల్ = పాత కాగితాల కట్టలు; బొమ్మలు = ఛాయాచిత్రాలు; దాచవలెను = నిలపవలెను; తడవు లేక = ఆలస్యం చేయక; తెమ్ము = కొని తీసుకురమ్ము.

తాత్పర్యం

అబ్బాయీ, తాతగారి కాగితాలూ ఫొటోలూ ఇంకో రెండు తరాలు నిలవాలి. వాటిని తాకబోయే ప్రతి వస్తువునూ ముందు పరీక్షించి, ఆ తర్వాతే కొనుక్కురా.

అలంకారం: విరోధాభాసం. చెరిచేవాటితో దాచమన్నట్టు కనిపించే విరోధం విశేషార్థాలతో తొలగిపోతుంది. తొలగకపోతే తొలగిస్తాం.

విశేషాలు

పెట్టె. పెట్టె అంటే గొట్టం కాజాల డబ్బా అని కాకినాడ వ్యవహారం. మిగతా ఊళ్లలో చెప్పుల డబ్బా. ఈ రెండర్థాలూ ఇక్కడ పొసగవు. ఆ డబ్బాల అట్ట చౌకరకం గుజ్జుతో చేసినది. చెక్క గుజ్జులో ఉండే లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ రంగు మారుతూ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. పైగా పంతొమ్మిదో శతాబ్దంలో కాగితం మీద సిరా పాకకుండా పటికా, పైన్ చెట్ల రెసినూ కలపడం మొదలైంది. పటిక వల్ల వచ్చేదీ ఆమ్లమే. ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. కాగితం పసుపు రంగుకి తిరిగి, గోధుమ రంగుకి తిరిగి, చివరికి మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. ఆ ఆమ్లం డబ్బాతో ఆగితే పోనీ అనుకోవచ్చు. ఆనుకుని ఉన్న ఫొటోలోకి, ఉత్తరంలోకి పాకుతుంది. అమెరికాలో విలియం బారో అనే ఆయన 1900 నుంచి 1949 దాకా అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, వాటిలో అత్యధిక భాగం ఇంకో యాభై ఏళ్లకు మించి వాడకానికి పనికిరావని చెప్పాకే ఈ సంగతి గ్రంథాలయాలకు గుండెల్లో రాయి పడేలా చేసింది.

కనుక కవి కోరిన పెట్టె ఆమ్లం, లిగ్నిన్ లేని అట్టది. కాగితం విషయంలో ఐఎస్ఓ 9706 అనే ప్రమాణం ఉంది. పీహెచ్ 7.5 నుంచి 10 లోపు ఉండాలి, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారం నిల్వ ఉండాలి అంటుంది. కాల్షియం కార్బొనేట్ అంటే సున్నపురాయి పొడి. గాలిలోంచి వచ్చే ఆమ్లాన్ని అది తన మీద వేసుకుంటుంది. దీనికి ఒక అపవాదం ఉంది: పాత ఇళ్ల ప్లాన్ల బ్లూప్రింట్లు. ఆ నీలం రంగు క్షారానికి పాలిపోతుంది. కాబట్టి తాతగారి ఇంటి ప్లాను దొరికితే దానికి సున్నం కలపని తటస్థమైన కాగితమే వాడాలి.

"ఇంట్లో ట్రంకుపెట్టె ఉండగా కొత్తది ఎందుకు?" అని పూర్వపక్షం. తుప్పు పట్టని, రంగు ఊడని ట్రంకు బయటి పెట్టెగా భేషుగ్గా పనికొస్తుంది. కాగితాలు ఫోల్డర్లలో ఉండాలి, ట్రంకు నేలను తాకకూడదు. చెక్కపెట్టె మాత్రం వద్దు. చెక్క మూసిన చోట ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వదులుతుంది. పందిరిమంచం కింద అరలో దాచిన పత్రాలు గోడ అలమరలో ఉన్నవాటికంటే ముందు ముసలివవడానికి అదొక కారణం.

కవరు. ఈ పదం దగ్గర వ్యాఖ్యాతలు రెండు వర్గాలు. ప్లాస్టిక్ అంతా ఒకటే, చెడ్డదే అని ప్రాచీనులు. ప్లాస్టిక్ అంతా ఒకటే, మంచిదే అని నవ్యులు. ఇద్దరిదీ అసంగతమే. ప్లాస్టిక్కులు అనేకం. వాటిలో పీవీసీ అనేది ఈ పద్యానికి ప్రతినాయకుడు. దాన్ని మెత్తగా చేయడానికి కలిపే నూనెలాంటి పదార్థాలు కాలక్రమాన పైకి ఊరుతాయి. కవరు జిడ్డుగా అవుతుంది, జిరాక్స్ అక్షరాలను తనకే అంటించుకుంటుంది. పీవీసీ పాడయ్యేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. కొత్త ఆల్బం తెరిచినప్పుడు గుప్పున కొట్టే వాసనను చాలామంది కొత్తదనం అనుకుంటారు. ఆ వాసన మందులదే.

నిలకడగల ప్లాస్టిక్కులు మూడు: పాలియెస్టర్, పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్. వీటిలో పాలియెస్టర్ అద్దంలా తేటగా ఉంటుంది, పై పూత లేనిదైతే ఏమీ వదలదు. పెళుసైన కాగితాన్ని అందులో పెడితే చేత్తో ముట్టకుండానే చదువుకోవచ్చు. అయితే దానిలో స్థిరవిద్యుత్తు ఉంటుంది. కాబట్టి బొగ్గుతో గీసిన బొమ్మలకీ, రంగు పెచ్చులుగా రాలుతున్నవాటికీ అది పనికిరాదు.

షాపులో ఉన్న కవరు ఏ ప్లాస్టిక్కో చెప్పడానికి ఒక పాత రసాయన పరీక్ష ఉంది. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ఆ కవరు అంచుకి తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉంది, అంటే పీవీసీయే. ఈ పొగ పీల్చకూడదు. ఆరుబయట, పిల్లలు లేనప్పుడు, షాపువాడి ఎదుట కాకుండా చేయాలి.

ఫొటోలకైతే ఇంకో గట్టి పరీక్ష ఉంది. ఫొటో యాక్టివిటీ టెస్ట్ అంటారు, ఐఎస్ఓ 18916. అమెరికాలో రోచెస్టర్ దగ్గరున్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ దీనికి ప్రసిద్ధి. కవరు ముక్కను వెండి పూసిన ఫిల్ముకు ఆనించి, 70 డిగ్రీల వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచుతారు. తర్వాత వెండి పాలిపోయిందా, మరక పడిందా అని చూస్తారు. 86 శాతం తేమ అనగానే రోచెస్టర్ వాళ్లకు యంత్రం కావాలి. కాకినాడలో వర్షాకాలం చాలు. తేమ ఎక్కువగా ఉన్న చోట గాలి చొరని తొడుగుల్లో ఫొటోల జెలటిన్ మెత్తబడి ప్లాస్టిక్కుకే అతుక్కుంటుంది. అందుకని సముద్రం ఒడ్డు ఊళ్లలో తరచూ చూసుకోని ఫొటోలకు మంచి కాగితం కవర్లే మేలని నా మతం.

"కవరంటే లామినేషన్" అని మరో పూర్వపక్షం. పదో తరగతి మార్కుల జాబితాను పవిత్రంగా లామినేషన్ చేయించని తెలుగు తండ్రి ఉండడు. ఆ మిషను కాగితాన్ని వేడి జిగురు మధ్య నొక్కేస్తుంది. ఆ ప్లాస్టిక్ పసుపెక్కినా, ముడతపడినా కాగితం దానితోనే పోవాలి. పైగా దాని మీద ముద్ర వేయాలన్నా, సంతకం పెట్టాలన్నా చోటు మిగలదు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో వై.పి. కత్పాలియా వంటివారు వాడుకలోకి తెచ్చిన లామినేషన్ వేరు. సెల్యులోజ్ ఎసిటేట్ పొర, పలచటి టిష్యూ కాగితం, ఎసిటోన్‌తో చేత్తోనే చేసేవారు, ఎసిటోన్‌తోనే మళ్లీ విప్పొచ్చు. జిరాక్స్ షాపు మిషనులోకి ఒకసారి వెళ్లిన ఇంటి దస్తావేజుకు పునరావృత్తి లేదు.

ఇక 1980, 90ల పెళ్లి ఆల్బాలు. పేజీ మీద జిగురు చారలు, వాటి మీద ఫొటో, పైన పారదర్శకమైన పొర. ఆ జిగురు ముదిరి ఫొటోల వెనకభాగాన్ని పట్టేసింది. ఫొటో ఊడిరాకపోతే మూల దగ్గర డెంటల్ ఫ్లాస్ దూర్చి, రంపంలా ఆడిస్తూ మెల్లగా విడదీయాలి. వస్తేనే. రాకపోతే పేజీతో సహా ఉంచడం నయం. వాటికంటే ముందు తరం నల్లకాగితం ఆల్బాలు, మూలల్లో త్రికోణాలు గుచ్చినవి, ఎంతో మర్యాదైనవి. అందులో ఫొటోకి జిగురు తగలదు.

జిగురు. ఇక్కడ కవి తెల్ల జిగురును ఉద్దేశించలేదు. అది ఆరాక నీటికి లొంగదు. తుమ్మ జిగురునూ ఉద్దేశించలేదు, అది ఎండి పెళుసవుతుంది. చిరిగిన కాగితం అతికేవాళ్లు ప్రపంచమంతటా వాడేది గోధుమ నుంచి తీసిన పిండిగంజి, దానితో జపాను టిష్యూ కాగితం. ఎప్పుడు కావాలన్నా తడి చేసి తీసేయవచ్చు. "మైదా జిగురు సినిమా పోస్టర్లకు సరిపోగా దస్త్రాలకు సరిపోదా?" అంటే, పోస్టరు శుక్రవారం నుంచి గురువారం దాకా నిలిస్తే చాలు. మైదా జిగురు పురుగులకు పెళ్లిభోజనం. అందుకే బైండింగువాళ్లు దానిలో మైలుతుత్తం కలిపేవారు. పురుగు చచ్చేది గానీ అందులోని రాగి కాగితాన్ని మరింత త్వరగా శిథిలం చేసేది. ఫొటోకైతే ఏ జిగురూ వద్దు, కాగితం మూలలు చాలు.

పిన్నులు. ఈ పద్యానికి ఇది మర్మస్థానం. పిన్నులంటే గుండుసూదులని పామరార్థం. మొదటి పాదంలో "పె"కూ "పి"కీ యతిమైత్రి కుదిరింది నిజమే. కానీ కాగితానికీ గుండుసూదికీ మైత్రి లేదు. తుప్పు పట్టిన పిన్ను మొదట మరక చేస్తుంది, తర్వాత కన్నం చేస్తుంది, ఇనుము చుట్టూ ఉన్న కాగితం రాలిపోయాక తానొక్కటే మిగులుతుంది. స్టేపుల్సూ అంతే. రిజిస్ట్రారాఫీసు నకళ్లలో పై మూల అర్ధచంద్రాకారపు గోధుమ మచ్చ లేనిది ఏది?

ఇంత అనర్థాన్ని కవి కోరడు. కాబట్టి "పిన్నులు" అన్నది పిన్ని శబ్దానికి బహువచనం. తల్లి తల్లులైనట్టే పిన్ని పిన్నులవుతుంది. కవి అడిగింది మా అమ్మ చెల్లెళ్లను.

ఆక్షేపణ: వాళ్లు కవికి చెల్లెళ్లు కదా, పిన్నులని ఎలా అంటాడు? సమాధానం: మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడేటప్పుడు పిల్లల వరసలోనే చెబుతారు. మూడో పాదంలో కవి తన కన్నతండ్రిని "తాతగారు" అనడమే దీనికి తిరుగులేని సాక్ష్యం.

ప్రయోజనం ఏమిటంటే, ఏ ఆమ్లమూ చేయని నష్టం ఒకటుంది: ఫొటోలో ఉన్నదెవరో తెలియకపోవడం. నెగటివ్ భద్రంగా ఉంది, కాగితం తెల్లగా ఉంది, కుర్చీలో కూర్చున్నాయన ఎవరో ఎవరికీ తెలియదు. అది పోయిన ఫొటో కిందే లెక్క. మా ముగ్గురు పిన్నులూ రావాలి, ఆ ఫొటోలు ముందు పెట్టుకోవాలి. ఒకరు రాజమండ్రి బాబాయి అంటారు, ఒకరు కాదు ఆయన తమ్ముడంటారు, మూడో ఆవిడ ఆ చీర ఎవరిదో చెప్పి ఏడాదితో సహా తేలుస్తుంది. ఆ మాటలు వెంటనే ఫొటో వెనక అంచుకు దగ్గరగా మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ను వాడితే ముందువైపు గాడి పడుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుకుంటుంది. నునుపైన ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పడదు. దానికి పిగ్మెంట్ సిరా పెన్ను. లేదా కవరు మీద రాసి, ఆ తర్వాత ఫొటో లోపల పెట్టడం.

టేపులు. సెలోటేపు కాదు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితం పీచుల్లోకి ఇంకుతుంది, పై పొర ఎండి దానంతటదే ఊడిపోతుంది, మరక మాత్రం శాశ్వతంగా దస్తావేజుకే దఖలు పడుతుంది. కవి అడిగింది రంగు వేయని నూలు నాడా. కచేరీల్లో కట్టలు కట్టేది ఇదే. వెడల్పుగా ఉంటుంది గనుక పురికొసలా అంచులను కోయదు. రబ్బరు బ్యాండ్లు ఈ పద్యంలో ఎక్కడా లేకపోవడం గమనార్హం. "రబ్బరు" అన్న మాటకు సూర్యగణం పొసగక మానేశాడని కొందరు. కాదు, రబ్బరులోని గంధకం ఫొటోల వెండిని నల్లబరుస్తుందని తెలిసి మానేశాడని నా మతం.

పురుగుమందు. కలరా ఉండలు కావు. నాఫ్తలీన్ ఆవిరి మనుషుల రక్తకణాలకు, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసివాళ్లకు, ప్రమాదం. కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది కూడా. తాళపత్రాల కాలంలో వస కొమ్ములు కట్టల్లో పెట్టేవారు, ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసేవారు. ఆ నూనె తాటాకుకి మేలు, కాగితానికి మరక. వేపాకు మీద నాకెంత గౌరవమున్నా, ఎండని ఆకు తేమనూ పురుగునూ తనే తెస్తుంది. మరి మందేమిటి? పక్కమాటలోనే ఉంది.

పొందికగను. ఇది పాదపూరణార్థమని పాఠశాల వ్యాఖ్య. కాదు, ఇదే ఆ మందు. అన్వయం: "పొందికగను" అన్నదే "పురుగుమందు". పెట్టె గోడకు ఆనకుండా, నేల నుంచి జానెడు ఎత్తులో, వంటింటికీ బాత్‌రూముకీ దూరంగా ఉంచి, నెలకోసారి తెరిచి చూడడం. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజుకు ఊపిరి వస్తుంది. అక్కడ ఏ మందూ చాలదు.

దస్త్రముల్, బొమ్మలు. వ్యాకరణ విశేషం. కవి తలుచుకుంటే ఈ రెంటినీ ద్వంద్వసమాసం చేసేవాడు. చేయలేదు. విడివిడి పదాలుగా, మధ్య కామాతో ఉంచాడు. పత్రాలనూ ఫొటోలనూ ఒకే కవరులో పెట్టకూడదని ఉపదేశం. తాతగారి కాలం కాగితాల్లో కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరాతో రాసినవి ఉండవచ్చు. ఆ సిరాలోని ఇనుమూ ఆమ్లమూ అక్షరం ఉన్న చోట కాగితాన్ని తినేస్తాయి. పక్కన ఫొటో ఉంటే దాని వంతూ వస్తుంది. పేపరు కత్తిరింపులైతే మరీ ఘోరం. తాతగారి పేరు వచ్చిన వార్తను మంచి కాగితం మీద జిరాక్స్ తీసి, అసలును వేరే ఫోల్డరులో ఉంచాలి.

దాచవలెను. "స్కాన్ చేసి ఫోనులో పెట్టుకుంటే ఇదంతా ఎందుకు?" అని నవ్యులు. స్కాన్ చేయండి. ఆ ఫోను ముప్పై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందని పూచీ ఇచ్చేవారు ఎవరైనా ఉంటే వారి మతాన్ని తర్వాతి ప్రకరణంలో ఖండిస్తాను.

తెమ్ము. ఎక్కడి నుంచి? ఏ షాపుకి వెళ్లినా అట్ట మీద "ఆర్కైవల్" అని రాసి ఉంటుంది. ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. దాన్ని ఆపే చట్టం లేదు. "యాసిడ్ ఫ్రీ" అన్నది కొంచెం నయం, కానీ తయారైన రోజు ఆమ్లం లేదన్నంత వరకే హామీ. లిగ్నిన్ సంగతి, సున్నం సంగతి అడగాలి. ఫొటో కవర్లకు ఫొటో యాక్టివిటీ టెస్ట్ నెగ్గిందని తయారీదారు రాసిచ్చాడా అని చూడాలి. కాగితానికి పీహెచ్ పెన్ను దొరుకుతుంది. గీత గీస్తే ఊదారంగు వస్తే పర్వాలేదు, పసుపు వస్తే ఆమ్లం. ప్యాకెట్టు కొనేముందు ఒక షీటు అడిగి గీయండి. షాపువాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

తడవు లేక. ఇక్కడ "తడియు లేక" అని ఒక పాఠాంతరం నాకు తోచింది. యతీ గణమూ చెడవు. తడి లేకుండా అని అర్థం. రెండు పాఠాలూ గ్రాహ్యాలే. వానాకాలంలో తేమ పీల్చుకున్న కాగితాలను అలాగే కొత్త పెట్టెలో మూస్తే తేమను కూడా భద్రపరిచినట్టు. సంక్రాంతి దాటాక, గాలి పొడిగా ఉన్న రోజుల్లో, ఎండ తగలని గదిలో ఫ్యాను కింద ఆరనిచ్చి మూయాలి. ఎండలో మాత్రం ఆరబెట్టకూడదు, ఫొటోలు చుట్టుకుపోతాయి.

ఇక ఒక్క సందేహం మిగిలింది. "తెమ్ము" అన్నాడు కవి, "పంపెదను సొమ్ము" అనలేదు. పాలియెస్టర్ షీట్లు చౌక కావు. మూలంలో లేని మాట రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మా మెదకు వైపు కొల్చారం వాడని చెబుతారు. ఆయన మర్యాదను పాటించి ఖర్చు ప్రస్తావన ఇక్కడ తేవడం లేదు. ఫోనులో తెస్తాను.